గండికోటలో గొడుగు

ఔట్‌డోర్‌ షూటింగుకి వెళ్లేటప్పుడు ఏమేం సర్దుకోవాలో లీలాకుమారికి ఒకరు చెప్పక్కర్లేదు. ఇరవై ఏళ్లుగా హీరోయిన్ల వెనకాల గొడుగు పట్టుకుని తిరుగుతోంది. ఫ్లాస్కు, రెండు తువ్వాళ్లు, గ్లూకోజు పొడి, పిన్నీసులు, తలనొప్పి మాత్రలు, గదికి గొళ్లెం సరిగా పడకపోతే కట్టుకోవడానికి నైలాను తాడు. అన్నిటికన్నా ముందు గొడుగు. అది మామూలు గొడుగు కాదు. ఒక సినిమా పూర్తయినప్పుడు ప్రొడక్షన్ మేనేజరు సంతోషంగా ఇచ్చాడు. నల్లటి గుడ్డ, లోపల వెండి పూత, బొటనవేలంత లావున ఇనప కాడ. దాని కింద ముగ్గురు నిలబడొచ్చు.

“ఇది ఔట్‌డోర్ కాదమ్మా, ఫీల్డ్ ట్రిప్,” అంది భువన, గుమ్మం దగ్గర బూట్లు కట్టుకుంటూ.

“రాళ్లు చూడ్డానికి బయటికే కదే వెళ్లేది? ఇంట్లో కూర్చుని చూడరుగా?”

“నిన్ను రమ్మన్నది అమ్మాయిలకి తోడుగా. నాకు గొడుగు పట్టమని కాదు.”

“రెండూ చేస్తాను. చేతులు రెండున్నాయి.”

భువన రెండో బూటు లేసు బిగించింది. తల్లి రావడమే ఇష్టం లేనప్పుడు గొడుగు గురించి పోట్లాడి ఏం లాభం.

భువన డిగ్రీ చివరి సంవత్సరం. జియాలజీ చదివేవాళ్లు కాలేజీ మొత్తానికి పట్టుమని పదిహేనుమంది లేరు. ప్రతి ఏడూ లెక్చరర్ వందన మేడం వాళ్లని గండికోట తీసుకెళ్తుంది. ఆడపిల్లలకి తోడు ఇద్దరు ఆడవాళ్లు లేనిదే ప్రిన్సిపాల్ బస్సు ఇవ్వడు. ఎప్పుడూ వచ్చే అటెండరు అనసూయమ్మకి ఈసారి కంటి ఆపరేషనైంది. తల్లుల్లో ఎవరైనా రాగలరా అని మేడం ఫోన్లు చేస్తే, మాట పూర్తి కాకముందే సరేనన్నది లీలాకుమారి ఒక్కతే.

సరేనన్నాక జూబ్లీహిల్స్‌లో హీరోయిన్ ఇంటికి వెళ్లి సెలవడిగింది. “మీరు లేకపోతే నా ఎండ సంగతేంటి ఆంటీ?” అని ఆ పిల్ల మూతి ముడిచింది. యూసుఫ్‌గూడలో తెలిసినావిడని తన బదులు కుదిర్చి, అద్దం ఎంత ఎత్తులో పట్టుకోవాలో, మంచినీళ్లు ఎంత చల్లగా ఉండాలో అన్నీ అప్పజెప్పి వచ్చేసరికి పొద్దుపోయింది. వచ్చి వంట చేసింది. మర్నాడు తెల్లవారకముందే లేచి పులిహోర కలిపింది. ఇప్పుడు కృష్ణానగర్ సందు చివర బస్సు కోసం నిలబడి ఉంటే, ప్రయాణం మొదలు కాకుండానే ఒళ్లంతా ప్రయాణం చేసొచ్చినట్టుంది.

ఇంతా చేసి ఆమె వెళ్తున్నది గండికోట గురించి కాదు. రాజస్థాన్ గురించి.

ఈ ట్రిప్పులో బాగా చేసినవాళ్లను ఇద్దరిని వందన మేడం వేసవిలో జైసల్మేర్ దగ్గర ఎడారికి పంపిస్తుంది. నెలన్నర క్యాంపు. వేరే రాష్ట్రాల కాలేజీల పిల్లలూ వస్తారు. అది చేసినవాళ్లకి ఎమ్మెస్సీ సీటు సగం వచ్చినట్టేనట. భువన ఆ మాట దీపావళి ముందు నించీ చెబుతోంది. లీలాకుమారి వద్దనలేదు. “చూద్దాం,” అంది. ఆ ఇంట్లో ఆ మాటకి అర్థమేమిటో భువనకి చిన్నప్పటి నించీ తెలుసు. సైకిలుకీ చూద్దామే, స్కూలు వాళ్లు నాగార్జునసాగర్ తీసుకెళ్తామన్నప్పుడూ చూద్దామే. తండ్రి సాయిశ్రీనివాస్ లైట్‌మన్. వైజాగ్ షెడ్యూల్లో ఉన్నాడు. ఫోన్ చేస్తే, “నీ ఇష్టం లీలా,” అన్నాడు. గ్యాసుపొయ్యి మార్చడం దగ్గర నించి ఆయన ఏ విషయానికైనా ఇచ్చే జవాబు అదే.

ఔట్‌డోర్లో పొద్దుపోయాక హోటల్లో తలుపులు ఎవరు తడతారో లీలాకుమారికి తెలుసు. తలుపు తీయని పిల్లని మర్నాడు గుంపులో ఎక్కడ నిలబెడతారో కూడా తెలుసు. వరండాలో ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని ఆమె కాపలా కాసిన గదులు చాలా ఉన్నాయి. ఇవేవీ కూతురికి చెప్పలేదు. చెబితే, మరి నువ్వెందుకమ్మా అక్కడే చేస్తున్నావు అని అడుగుతుంది.

బస్సు వచ్చింది. చెక్‌పోస్టు దాటి ఫిల్మ్‌నగర్ వైపు తిరిగింది. ఇళ్ల ప్రహరీల మధ్య ఇంకా మిగిలిన రాతిగుండ్లు చూపిస్తూ వందన మేడం డ్రైవరు వెనక నిలబడింది. ఆవిడకి యాభై దాటాయి. వెంగళరావు నగర్‌లో పుట్టి అక్కడే ఉంటోంది. మోకాళ్లకి పట్టీలు వేసుకుని, సీటు కమ్మీ గట్టిగా పట్టుకుని ఉంది.

“చూడండ్రి. ఈ గుండ్లు రెండు వందల యాభై కోట్ల ఏండ్ల కిందటియి. మీరు రోజు వీటి పక్కకెళ్లే పోతరు, ఒక్కలన్న తల తిప్పరు.”

“మా బోరబండల వీటి మీద బట్టలారేస్తరు మేడం,” అన్నాడు వెనక సీట్లోంచి నిఖిల్.

“ఆరేయండ్రి. అవి ఏమనుకోవు. పరీక్షల మాత్రం బట్టలని రాయకు.”

బస్సంతా నవ్వింది. ఆవిడ నవ్వకుండా కూర్చుని మోకాళ్లు నొక్కుకుంది.

ఊరు దాటాక పిల్లలు లీలాకుమారి చుట్టూ చేరారు.

“ఆంటీ, హీరోయిన్లు నిజంగ అన్నం తినరా?” నిఖిల్ అడిగాడు.

“తింటారయ్యా. ఎవరూ చూడనప్పుడు తింటారు.”

“మరి హీరోలు?”

“వాళ్లు అందరూ చూస్తుండగానే తింటారు.”

ప్రణతి అనే అమ్మాయి పులిహోర రెండోసారి పెట్టించుకుంది. భువన మాత్రం ముందు సీట్లో కిటికీకి తల ఆనించి, ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, తనకీ ఈ పులిహోర మనిషికీ సంబంధం లేనట్టు కూర్చుంది. కర్నూలు దాటేసరికి అందరూ నిద్రపోయారు. లీలాకుమారి నిద్రపోలేదు. బస్సులో పిల్లలు నిద్రపోతుంటే తను నిద్రపోవడం ఆమెకి చేతకాదు.

గండికోటకి ఆమె ఇంతకుముందు మూడుసార్లు వచ్చింది. రెండు పాటలకి, ఒక ఫైటుకి. కానీ మర్నాడు పొద్దున్న కోట వెనక లోయ అంచుకి వెళ్లి నిలబడ్డప్పుడు ఇది కొత్త చోటులా అనిపించింది. అప్పుడు అంచున నిలబడింది హీరోయిన్. ఆమె వెనక తను. గొడుగు పట్టేవాళ్లు చూడాల్సింది నీడ అంచు. అది ముఖం మీంచి జరిగిపోకుండా చూసుకోవాలి. షాట్ అనగానే వెనక్కి పరిగెత్తాలి, కట్ అనగానే ముందుకి పరిగెత్తాలి. లోయని ఆమె సినిమా హాల్లో చూసింది.

ఇప్పుడు చూస్తే భయమేసింది. ఎర్రటి రాయి పలకలు పలకలుగా, ఎవరో పనిగట్టుకుని పేర్చినట్టు, కళ్లు తిరిగేంత లోతుకి దిగిపోయి ఉంది. అడుగున పెన్న ఆకుపచ్చగా, కదలకుండా ఉంది. చెట్లు లేవు. కంపలు, ఎండిన గడ్డి, రాయి. ఎండాకాలం ఇంకా రానేలేదు, అప్పుడే రాతి మీంచి వేడి సెగ ముఖానికి కొడుతోంది. ఆమెకి ముందు తోచింది పిల్లల్ని లెక్కపెట్టడం. అందరూ ఉన్నారు.

నిజానికి ఆమె అక్కడికి కాస్త ఆలస్యంగా వచ్చింది. ముందురోజు దిగిన డార్మిటరీలో బాత్‌రూం గొళ్లెం ఒకటి ఊడి ఉంటే, వాచ్‌మన్‌ని పట్టుకుని దాన్ని బిగించే దాకా వదల్లేదు. ఆమె వచ్చేసరికి వందన మేడం చెప్పాల్సినవన్నీ చెప్పేసి, పిల్లల్ని తలొక వైపు పంపించేస్తోంది. పని ఒక్కటే. రాతి మీద పగుళ్లుంటాయి. ఆ పగులు పక్కన కంపాస్ పెట్టి, అది ఏ దిక్కుకి పోతోందో పుస్తకంలో రాసుకోవాలి. అలా వీలైనన్ని. మిగతా వాళ్లని ఇద్దరిద్దరిగా పంపించింది. భువనకి మాత్రం కోటగోడ నించి అంచు దాకా ఒక పట్టీ మొత్తం ఒక్కదానికే ఇచ్చింది.

“ఒక్కదానివే చేస్తవు కదా?”

“చేస్తా మేడం.”

ఆ జవాబు చెప్పినప్పుడు కూతురి ముఖం ఎలా ఉందో లీలాకుమారి చూసింది. అలాంటి ముఖాలు ఆమెకి తెలుసు. కొత్తగా వచ్చిన పిల్లకి మొదటిసారి క్లోజప్ పెడుతున్నారని చెప్పినప్పుడు అలా ఉంటుంది.

భువన మొదటి పగులు దగ్గర మోకాళ్ల మీద కూర్చోగానే ఆమె మీద నీడ పడింది.

“అమ్మా, వద్దు. అందరూ చూస్తున్నారు.”

“చూడనీ. నల్లబడిపోతావు.”

“నల్లబడితే ఏమవుతుంది? నేనేం హీరోయిన్నా?”

“ఎండదెబ్బ హీరోయిన్లకే తగలదే. నీ పని నువ్వు చూసుకో, నేను మాట్లాడను.”

మాట్లాడలేదు కూడా. భువన కాసేపు ముడుచుకుంది. తర్వాత పనిలో పడి, తల మీద గొడుగు ఉన్న సంగతే మర్చిపోయింది. కూర్చుంటే గొడుగు కిందికి దిగేది, లేస్తే పైకి లేచేది. వంగి కంపాస్‌లోకి చూస్తుంటే, ఎండ గాజు మీద పడి మెరవకుండా లీలాకుమారి ఇంకాస్త దగ్గరికి, ఇంకాస్త కిందికి పట్టేది. కుడి భుజం లాగితే ఎడమ చేతికి, ఎడమ చెయ్యి తిమ్మిరెక్కితే కుడి చేతికి. అలవాటైన నొప్పే. దూరంగా నిఖిల్ అరిచాడు: “భువనా, క్యారవాన్ ఎప్పుడొస్తది?” భువన తల ఎత్తకుండానే చెయ్యి పైకెత్తి చూపించింది. ఏం చూపించిందో లీలాకుమారి చూడనట్టు ఊరుకుంది.

మధ్యాహ్నం పాత ధాన్యపు కొట్టు నీడలో అందరూ చేరారు. వందన మేడం నేల మీద చాపలా చార్టు పరిచి, కాళ్లు చాపుకుని కూర్చుంది. ఒక్కొక్కరే అంకెలు చదువుతుంటే ఆవిడ గీతలు పెడుతోంది. అందరి రీడింగులూ కలిస్తే పువ్వులాంటి బొమ్మ వస్తుందట. పగుళ్లు ఏ దిక్కుకి ఎక్కువుంటే అటువైపు రేకు పొడుగవుతుందట. ప్రణతి వాళ్లవి, నిఖిల్ వాళ్లవి, మిగతా వాళ్లవి చదివారు. చక్కగా రెండు రేకులు పొడుగ్గా వచ్చాయి.

భువన చదవడం మొదలుపెట్టింది. మేడం పెన్సిలు కొంతసేపు నడిచి ఆగింది.

“మళ్ల చదువు.”

మళ్లీ చదివింది. పెన్సిలు కదల్లేదు.

“ఇదేంది భువనా? ఒక్కటి ఇటు, ఒక్కటి అటు. పది అడుగుల దూరంల అదే పగులు ఇంత ఎట్ల తిరుగుతది?”

“నాకు అలాగే వచ్చింది మేడం.”

“నీ పట్టీ పక్కనే నిఖిల్ గాళ్లు కూడ తీసిన్రు. వాళ్లకు సక్కగొచ్చింది.” ఆవిడ కళ్లజోడు తీసి కొంగుతో తుడుచుకుంది. గొంతు పెంచలేదు. “రీడింగ్ రాకపోతే రాలేదని చెప్పాలె. గొడుగు కింద కూసొని మనసుకొచ్చింది రాసుడు కాదు.”

“నేను రాయలేదు మేడం. తీశాను. అన్నీ తీశాను.”

“నేను ముప్పై ఏండ్ల సంది చూస్తున్న తల్లీ, తీసినవి ఎట్లుంటయో, రాసినవి ఎట్లుంటయో.” చార్టు చుట్టేసింది. “రాజస్థాన్‌కి నీ పేరే మొదలనుకున్న. పోనీ. నిఖిల్, ప్రణతి పోతరు. తినండ్రి అందరు.”

నిఖిల్ తన టిఫిన్ డబ్బా మూత తీసి మళ్లీ పెట్టేశాడు. భువన లేచి, సంచీ, కంపాస్ అక్కడే వదిలేసి, ఎదురుగా ఉన్న బండ మీదికి వెళ్లి లోయ వైపు తిరిగి కూర్చుంది.

ఆ క్షణంలో లీలాకుమారికి కలిగింది కోపం కాదు, బాధా కాదు. హమ్మయ్య అనిపించింది. ఎవరైనా చూశారేమోనని గబగబా పెరుగన్నం డబ్బా తీసి ఒళ్లో పెట్టుకుంది. ఇక తను వద్దనక్కర్లేదు. చూద్దాం అనక్కర్లేదు. మేడమే వద్దంది. భువన ఏడుస్తుంది, నాలుగు రోజులు మాట్లాడదు, అదీ తనతో కాదు, మేడంతో. వేసవంతా ఇంట్లో ఉంటుంది.

గొడుగు మడిచి పక్కన పెట్టింది. పక్కనే భువన సంచీ మీద కంపాస్ మూత తెరిచి ఉంది. అందులో సూది గిర్రున తిరిగింది.

తనేదో విరగ్గొట్టానని భయపడి లీలాకుమారి గొడుగు తీసేసింది. సూది మెల్లగా ఊగి వెనక్కి వచ్చి నిలబడింది. మళ్లీ గొడుగు దగ్గరికి తెచ్చింది. మళ్లీ తిరిగింది. ఈసారి గొడుగు పొద్దున్న పట్టుకున్నట్టే నిలువుగా, కంపాస్‌కి కాస్త పక్కగా పట్టుకుంది. సూది అంత తిరగలేదు. కొంచెం ఒరిగి, అక్కడే, ఏమీ జరగనట్టు నిలబడిపోయింది. ఇనప కాడ ఇటు మారిస్తే ఇటు, అటు మారిస్తే అటు.

గొడుగు దూరంగా గోడకి ఆనించి వచ్చి కూర్చుంది. మొదటి ముద్ద నోట్లో పెట్టుకుంది.

చుట్టూ చూసింది. ఎవరూ గమనించలేదు. వందన మేడం అవతల గోడకి చేరగిలబడి కళ్లు మూసుకుంది. పిల్లలు మూతులు ముడుచుకుని తింటున్నారు. చెప్పకపోతే ఏమవుతుంది? ఏమీ అవదు. సాయంత్రం బస్సెక్కుతారు, రేపు పొద్దున్నకి కృష్ణానగర్. ఇది ఎవరికీ ఎప్పటికీ తెలియదు. రెండో ముద్ద. అయినా రాళ్ల మీద పగుళ్లు ఎటు పోతే ఎవరికేం? అమ్మాయి ఇంకేదైనా చదువుకుంటుంది. బ్యాంకు పరీక్షలున్నాయి. ఎడారిలో నెలన్నర, ఊరూ పేరూ తెలియని మగపిల్లలు, గుడారాలు. మూడో ముద్ద దిగలేదు. నీళ్లు తాగింది. పెరుగు పులిసిపోయింది. పొద్దున్న బాగానే ఉంది.

అప్పుడే నిఖిల్ లేచి భువన కూర్చున్న బండ దగ్గరికి వెళ్లాడు. వాళ్లు దూరంగా లేరు, మాటలు వినబడుతున్నాయి.

“ఏయ్, జర ఇటు సూడు. మా రీడింగ్స్ తీస్కో. నాలుగు అటిటు మార్చి రాస్కో. సాయంత్రం మేడంకి మళ్ల తీసిన అని చెప్పు. గామెకు ఏం తెలుస్తది?”

“నాకు అవసరం లేదు.”

“అరె, ఫికర్ చెయ్యకు. నాక్కూడ ప్రణతితోని పోవుడు కంటే నీతోని పోవుడే మంచిగుంటది. గామె బస్సుల తింటనే ఉంటది.”

భువన నవ్వలేదు. “నాకే చూడ్డం రాలేదేమో నిఖిల్,” అంది. “అన్నీ మూడేసి సార్లు చూశాను. అయినా రాలేదంటే నాకు రాదనే కదా.”

నిఖిల్ పుస్తకం ముందుకి చాపాడు. భువన దాని వైపు చాలాసేపు చూసింది. తర్వాత చెయ్యి చాపింది.

లీలాకుమారి మిగిలిన అన్నం గబగబా నాలుగు ముద్దల్లో మింగి డబ్బా మూత పెట్టింది. అన్నం పారేయడం ఆమెకి చేతకాదు. చెయ్యి కడుక్కుని, గొడుగు ఒక చేత్తో, కంపాస్ ఒక చేత్తో పట్టుకుని వందన మేడం దగ్గరికి వెళ్లింది.

“మేడం గారూ.”

ఆవిడ కళ్లు తెరిచింది. “కూర్చోండి లీలగారూ. మీ పిల్లని అందరి ముంగట అన్న అని మీకు కోపమొచ్చింటది. రావాలె కూడ.”

“అది కాదండీ. ఇది చూడండి.”

కంపాస్ నేల మీద పెట్టింది. గొడుగు విప్పి, పొద్దున్నంతా నిలబడ్డట్టే నిలబడింది. సూది ఒరిగింది. ఇంకాస్త దగ్గరికి జరిగింది. ఇంకాస్త ఒరిగింది.

వందన మేడం ముందుకి వంగి చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత పొట్ట పట్టుకుని చప్పుడు లేకుండా నవ్వడం మొదలుపెట్టింది.

“ఇనుమా?”

“కాడ ఇనుమండీ. ఊచలు కూడా.”

“సుత్తె దూరం పెట్టండి, ఫోన్ దూరం పెట్టండి అని పొద్దుగాల్నే చెప్పిన కద అందరికి. మీరు ఇనలేదా?”

“నేనప్పుడు బాత్‌రూం గొళ్లెం బిగిస్తున్నానండీ.”

“దానికన్న తెలియొద్దా? చదువుకుంటున్న పిల్ల.”

“పాపం, దానికేం తెలుస్తుంది? నేను నెత్తి మీద నిలబడటం దానికి అలవాటు కదండీ. లెక్కలోకి రాను.”

వందన నవ్వు ఆగిపోయింది. కళ్లజోడు పెట్టుకుంది. “తప్పు నాది. రీడింగ్ తేడా వస్తే ముందుగాల కంపాస్ చూడాలె. నేను పిల్లని చూసిన.” మోకాలి మీద చెయ్యి వేసి లేవబోయి, లేవలేక, కూర్చునే పిలిచింది. “భువనా! ఇటు రా. ఆ పుస్తకం వానికి ఇచ్చేసి రా.”

భువన వచ్చింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. మేడం ఏమీ చెప్పకుండా, “లీలగారూ, ఇంకోసారి చేయండి,” అంది. లీలాకుమారి మళ్లీ చేసింది. గొడుగు పట్టడంలో ఇంత సిగ్గు ఆమెకి ఎప్పుడూ కలగలేదు.

భువన సూదిని చూసింది, గొడుగుని చూసింది, తల్లిని చూసింది.

“ఎప్పుడు తెలిసింది నీకు?”

“ఇందాక.”

“ఇందాకంటే?”

“అన్నం మొదలుపెట్టినప్పుడు.”

“ఇప్పుడు చెబుతున్నావు.”

“అన్నం అయిపోయిందే.”

భువన ఆ డబ్బా వైపు చూసింది. చిన్న డబ్బా. అంత అన్నం తినడానికి ఎంతసేపు పడుతుందో, ఆ కాసేపట్లో తల్లి ఏమాలోచించి ఉంటుందో పోల్చుకుంటున్నట్టు నిలబడింది. లీలాకుమారి తల వంచుకుని గొడుగు మడిచింది.

“చీకటి పడకముందే బస్సు కదలాలె,” అంది వందన. “నీ పట్టీ మొత్తం మళ్ల తియ్యాలె. అయితదా?”

“అవుతుంది మేడం.”

“చెయ్యి. వస్తె వచ్చినట్టు రాయి. తర్వాత మాట్లాడుదాం రాజస్థాన్ సంగతి.” చివరి మాట లీలాకుమారిని చూస్తూ అంది.

భువన కంపాస్ తీసుకుని కోటగోడ దగ్గర మొదటి పగులు దగ్గరికి వెళ్లింది. లీలాకుమారి గొడుగు మళ్లీ గోడకి ఆనించి, ఫ్లాస్కు పట్టుకుని వెనకాలే నడిచింది. ఖాళీ చేతులతో కూతురి వెనక నడవడం ఎలాగో తెలియక ఫ్లాస్కు పట్టుకుంది.

“నువ్వు అక్కడే ఉండు,” అంది భువన మోకాళ్ల మీద కూర్చుంటూ.

“గొడుగు తేలేదే.”

“ఫ్లాస్కు స్టీలు. నీ బొడ్డులో తాళాల గుత్తి. జడ నిండా పిన్నులు. వెనక్కి వెళ్లు.”

లీలాకుమారి వెనక్కి వెళ్లింది.

“ఇంకా.”

ఇంకో నాలుగు అడుగులు వేసింది.

“ఇంకా వెనక్కి అమ్మా.”

“ఆరడుగులు చాలు భువనా,” అంది గోడ నీడలోంచి వందన మేడం.

“ఏమో మేడం. నాకు డౌటుగా ఉంది.”

లీలాకుమారి నడిచి నడిచి మేడం పక్కకే వచ్చి చేరింది. కాళ్లు పీకుతున్నాయి. చీర కుచ్చెళ్లకి ముళ్లు పట్టుకున్నాయి. చతికిలబడి ఒక్కొక్క ముల్లే తీయడం మొదలుపెట్టింది. అంత దూరం నించి భువన చిన్నగా కనిపిస్తోంది. తల మీద ఏమీ లేదు. వంగుతోంది, చూస్తోంది, రాసుకుంటోంది, చొక్కా చేత్తో నుదురు తుడుచుకుంటోంది, ఇంకో పగులు దగ్గరికి వెళ్తోంది. ఒకసారి అంచుకి మరీ దగ్గరగా వెళ్లింది. లీలాకుమారి సగం లేచింది. భువన తనంతట తనే వెనక్కి జరిగి కూర్చుంది. లీలాకుమారి కూడా కూర్చుంది.

“వచ్చే ఏడు ఈ కోర్సు ఉంటదో ఉండదో,” అంది వందన, ఎవరితోనో అన్నట్టు. “పిల్లలు వస్తలేరు. ఇదే ఆఖరి బస్సు కావొచ్చు. నా మోకాళ్లకైతే సంతోషమే.”

లీలాకుమారి ఫ్లాస్కులోంచి టీ పోసి ఇచ్చింది. ఇద్దరూ ఒకే మూతలో వంతులు వేసుకుని తాగారు. లోయ అవతలి గోడ మీద ఎండ రంగు మారుతోంది. షూటింగుల్లో ఆ వేళకి అందరూ అరుచుకుంటూ పరిగెత్తేవాళ్లు, వెలుతురు పోతోందని. ఇప్పుడు ఎవరూ పరిగెత్తడం లేదు.

భువన సగం పట్టీ పూర్తిచేసి పుస్తకం పైకెత్తి అరిచింది. “మేడం! కలుస్తున్నాయి!”

“కలవక ఏం చేస్తయి,” అని గొణిగి, వందన చెయ్యి ఊపింది.

లీలాకుమారి చివరి ముల్లు తీసి పక్కకి విసిరింది.

“అక్కడ పడుకునే గదులకి గొళ్లేలు బాగుంటాయా అండీ?”

“ఎక్కడ?”

“ఆ ఎడారిలో.”

వందన ఆమె వైపు తిరిగింది. “గదులుండవు లీలగారూ. టెంట్లు. ఆడపిల్లలయి ఒక దిక్కు, మధ్యల లేడీ లెక్చరర్లయి. నేను కూడ ఉంట.”

“టెంట్లకి తలుపులు?”

“జిప్పుంటది.”

“లోపల్నించి వేసుకోవచ్చా?”

“ఏసుకోవచ్చు.”

లీలాకుమారి ఫ్లాస్కు మూత బిగించింది. “దానికి తాళం పడుతుందా?”

“చిన్నది పడుతది. సూట్‌కేసులకు ఏస్తరు చూడండి, అసొంటిది.”

“అవి మా కృష్ణానగర్‌లో దొరుకుతాయి.”

“ఇత్తడిది కొనండి,” అంది వందన, గోడకి తల ఆనించి కళ్లు మూసుకుంటూ. “ఇనుముది వద్దు.”

“సరేనండీ,” అంది లీలాకుమారి.